ఐదు డాలర్ల గోళీ కోసం గేర్‌బాక్స్ రెండుసార్లు విప్పాను

నా కారు 2002 కమారో జీ28. ఎల్ఎస్1 ఇంజిన్, 4ఎల్60ఈ ఆటోమేటిక్ గేర్‌బాక్స్. నాకంటే ముందు వాడినవాళ్లెవరో క్యామ్‌షాఫ్ట్ (ఇంజిన్ వాల్వులు తెరిచే కడ్డీ) మార్చి ఇంజిన్‌కి బలం పెంచారు గానీ గేర్‌బాక్స్ జోలికి పోలేదు. ఓ జూలై సాయంత్రం టెక్సస్‌లో ప్లేనో దగ్గర హైవే ఎక్కుతుంటే, రెండు నుంచి మూడో గేరుకి మారేచోట ఇంజిన్ ఒక్కసారి గోల పెట్టింది. బండి మాత్రం ఊపందుకోలేదు. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ డికాషన్‌లా ఉంది, పైగా మాడు వాసన.

షాపువాళ్లు చెప్పిన ధర విన్నాక నేనే విప్పుదామనుకున్నాను. మా బావమరిది దింపడానికి సాయం వచ్చి, "బావా, దీనికి ముహూర్తం పెట్టించావా?" అన్నాడు. దాదాపు 70 కిలోల ఇనుము, అల్యూమినియం జాకీ మీద ఊగుతుంటే జోకులకి నవ్వు రాదు.

ఈ గేర్‌బాక్స్‌లో అందరూ భయపడేవి రెండు. మొదటిది 3-4 క్లచ్ ప్లేట్లు, అంటే మూడో గేరుకీ నాలుగో గేరుకీ పనిచేసేవి. రెండోది సన్ షెల్, లోపలి సన్ గేరుని తిప్పే డొల్లలాంటి లోహపు భాగం. షెల్ విరిగితే రెండు, నాలుగు, రివర్స్ పోతాయి, ఒకటీ మూడూ మిగులుతాయి. నాకు రివర్స్ శుభ్రంగా పడుతోంది కాబట్టి క్లచ్చే మాడిందని విప్పకముందే అర్థమైంది. విప్పాక చూస్తే ప్లేట్ల మీద ఫ్రిక్షన్ పొరే లేదు, బొగ్గు.

ఇక్కడే తప్పు చేశాను. ప్లేట్లు మాడాయి కాబట్టి మంచి ప్లేట్లు వేస్తే సరిపోతుందనుకున్నాను. ఆల్టో రెడ్ ఈగిల్ ఎర్ర ప్లేట్లు, గట్టిపరిచిన సన్ షెల్, గేరు గట్టిగా పడేందుకు కార్వెట్ సర్వో (ఆయిల్ ఒత్తిడితో బ్యాండ్‌ని బిగించే పిస్టన్) కొన్నాను. మిగతా సీళ్లూ రింగులూ మాత్రం పేరూ ఊరూ లేని చౌక కిట్ లోంచి వేశాను. 700 మైళ్లు తిరిగాక మళ్లీ అదే గోల, అదే వాసన.

రెండోసారి విప్పినప్పుడు చేతులాపి చూశాను. ఎర్ర ప్లేట్లు మాడాయి సరే, 2-4 బ్యాండ్, అంటే రెండు, నాలుగు గేర్లకి పట్టుకునే పట్టీ కూడా కమిలింది. అదే ఆధారం. మూడో గేరుకి వెళ్లే ఆయిల్ ఒకే సమయంలో రెండు పనులు చెయ్యాలి: 3-4 క్లచ్‌ని నొక్కాలి, రెండో గేరుకి పట్టి ఉంచిన బ్యాండ్‌ని వదిలించాలి. ఈ దారిలో గేర్‌బాక్స్ కేసు లోపల, సర్వో దగ్గర చిన్న గొట్టంలాంటి క్యాప్సూల్, అందులో గోళీ ఉంటాయి. గోళీ సరిగ్గా కూర్చోకపోతే ఆయిల్ కారిపోతుంది. క్లచ్ సగం పట్టుకుంటుంది, బ్యాండ్ సగం వదులుతుంది, రెండూ ఒకదాన్నొకటి రాచుకున్నట్టే. ఆ రంధ్రంలో సాల్వెంట్ పోసి చూస్తే కళ్లముందే జారిపోయింది. కొత్త క్యాప్సూల్ ఐదు డాలర్లు. ప్లేట్లకి పెట్టిన డబ్బు లెక్క ఇంట్లో చెప్పలేదు.

ఈసారి కొనే పద్ధతి తలకిందులు చేశాను. ముందు ఆయిల్ ప్రెషర్ ఎక్కడెక్కడ కారుతుందో చూసి, వాటికి డబ్బు పెట్టి, మిగిలితే ప్లేట్లు. ఆయిల్‌ని దారులుగా పంచే వాల్వ్ బాడీలో, టార్క్ కన్వర్టర్‌ని (ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించేది) లాక్ చేసే వాల్వ్ తాను కదిలే అల్యూమినియం బోర్‌ని (రంధ్రాన్ని) అరగదీస్తుంది. దానికి బోర్‌ని కొంచెం పెద్దది చేసి వేసే సొనాక్స్ వాల్వ్ తీసుకున్నాను. పంపులో 13 రెక్కల రోటర్, గట్టి రింగులు వేశాను. గేరు మార్పు కుదుపుని తగ్గించే ప్లాస్టిక్ అక్యుములేటర్ పిస్టన్ పగిలే రకం కాబట్టి అల్యూమినియంది. ఆయిల్ ప్రెషర్‌ని కరెంటుతో అదుపుచేసే ప్రెషర్ కంట్రోల్ సోలెనాయిడ్ మాత్రం ఏసీ డెల్కోదే. సగం ధరకి దొరికేవి చాలానే ఉన్నాయి, కానీ దానికోసం మళ్లీ బండి కిందకి దూరే ఓపిక నాకు లేదు.

ప్లేట్లలో కూడా మనసు మార్చుకున్నాను. రేబెస్టాస్ జెడ్‌పాక్ అనే ప్లేట్ల సెట్‌లో ఒకవైపే పూత ఉండే ప్లేట్లు ఎక్కువ ఇస్తారు, రాపిడి ఉపరితలం పెరుగుతుంది. నేను మాత్రం బోర్గ్ వార్నర్ మామూలు ఫ్రిక్షన్ ప్లేట్లు, మందంగా ఉన్న స్టీలు ప్లేట్లు తీసుకున్నాను, వేడిని పీల్చేది ఆ స్టీలే కాబట్టి. దీని మీద రీబిల్డర్లలోనే రెండు పక్షాలున్నాయి, నేను ఈ పక్షం. ప్లేట్ల మధ్య గ్యాప్‌ని ఫీలర్ గేజ్‌తో (సందులు కొలిచే సన్నటి రేకులు) అంగుళంలో వెయ్యో వంతులు 40 దగ్గర పెట్టాను.

టార్క్ కన్వర్టర్ పాతది వాడలేదు. ఆయిల్‌ని చల్లబరిచే కూలర్‌లో మొదటిసారి కడిగినా లోహపు పొడి మిగిలే ఉంది, దాన్నీ మార్చేశాను. కేసు మూసేముందు రబ్బరు కొన ఉన్న గాలి నాజిల్‌తో ఒక్కో క్లచ్‌కీ గాలి కొట్టి విన్నాను. టక్కుమని పట్టుకోవాలి. బుస్సుమంటే ఎక్కడో కారుతున్నట్టు. మొదటిసారి ఈ పని పది నిమిషాల పనే గదా అని వదిలేశాను.

ఇప్పటికి 11,000 మైళ్లు తిరిగాను, ఆయిల్ ఎర్రగానే ఉంది. మొన్న మా బావమరిది ఫోన్ చేసి తన సిల్వరాడో ట్రక్కు కూడా తిక్కతిక్కగా చేస్తోంది, రెండో గేరు పడటం లేదన్నాడు.

"రివర్స్ పడుతోందా?" అన్నాను.

"అదే చెప్పబోతున్నా బావా, ఇంటిముందు నుంచి వెనక్కి తియ్యలేక తోశాం."

షెల్ ధర కనుక్కోమని చెప్పి, జాకీకి గ్రీజు పెట్టడానికి గరాజ్‌లోకి వెళ్లాను.