ముగ్గు గీత దగ్గర ఆగిన చేయి

2022 నవంబరులో, కార్తీకమాసం చివరి రోజుల్లో, ఒక తెల్లవారుజామున విజయవాడ సత్యనారాయణపురంలోని మా ఇంటి గుమ్మం ముందు ముగ్గు పెడుతుండగా నాకు పక్షవాతం వచ్చింది. అప్పటికి నా వయసు యాభై మూడు. చుక్కలు పెట్టడం పూర్తయింది. మొదటి గీత లాగుతుండగా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి సన్నగా జారవలసిన పిండి ఒక్కచోటే కుప్పగా పడిపోయింది. మళ్ళీ పిండి తీసుకోబోతే చేయి గిన్నెను దాటి పక్కకు పోయింది. పాలప్యాకెట్లు తీసుకుని వస్తున్న మావారు "ఏమైంది?" అని అడిగారు. చేయి తిమ్మిరెక్కిందని జవాబు చెప్పాననే నేను అనుకున్నాను. ఆయనకు వినిపించింది మాత్రం ఏ భాషకూ చెందని ముద్దమాట.

ఎదురింటి నర్సింగు విద్యార్థిని నా మూతి ఒక పక్కకు లాగి ఉండటం చూసి, రెండు చేతులూ ఎత్తమని చెప్పి, కుడిచేయి దిగిపోగానే 108కి ఫోను చేసింది. అంబులెన్సు వచ్చేలోగా మావారు కంగారులో ఆటో ఎక్కించి దగ్గరలోని ఒక చిన్న ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. అక్కడ స్కానింగు లేదు. అయినా సెలైను పెట్టి నలభై నిమిషాలు ఉంచి, ఆ తరువాత పెద్ద ఆసుపత్రికి పంపించారు. మెదడులో పెద్ద రక్తనాళం మూసుకుపోయినప్పుడు చికిత్స లేకుండా గడిచే ప్రతి నిమిషానికీ సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని తరువాత చదివాను. ఆ నలభై నిమిషాలకు లెక్క వేసే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు. పెద్ద ఆసుపత్రిలో ముందు సీటీ స్కాన్ తీసి, లోపల రక్తస్రావం లేదనీ, రక్తపు గడ్డ అడ్డుపడిందనీ నిర్ధారించుకున్న తరువాతే గడ్డను కరిగించే ఇంజెక్షను ఇచ్చారు. లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపు ఇవ్వవలసిన ఆ మందు నాకు మూడు గంటల అయిదు నిమిషాలు గడిచాక అందింది. సాయంత్రానికి కాలు కొద్దిగా కదిలింది. చేయీ మాటా రాలేదు. ఇంకొక మాట కూడా దాచకుండా చెప్పాలి. తలనొప్పి లేదు కదా అన్న ధీమాతో అంతకు ముందు మూడు నెలలుగా నేను బీపీ మాత్రలు మానేశాను.

ఆసుపత్రిలో గడిపిన పదకొండు రోజుల్లో నేర్చుకున్న రెండు విషయాలు ప్రతి ఇంటికీ తెలియాలి. మొదటిది మింగడం. పక్షవాతం వచ్చిన మనిషికి దాహమేస్తుందని ఎవరైనా గ్లాసుతో నీళ్ళు పోస్తే అవి ఊపిరితిత్తులలోకి పోయి న్యుమోనియా రావచ్చు. నేను మింగగలనా లేదా అని చెంచాతో పరీక్షించే వరకు నాకు నోటి ద్వారా ఏమీ ఇవ్వలేదు. తరువాత కూడా నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కిందికి దించమని, చిక్కటి రాగిజావ చెంచా చెంచాగా పట్టించారు. రెండవది భుజం. కండరాలు పట్టు తప్పిన చేయి దాని బరువుకే కీలు నుంచి కిందికి జారుతుంది. చూడవచ్చిన బంధువు ఒకరు ప్రేమతోనే నన్ను ఆ చేయి పట్టుకుని లేవదీశారు. ఆ నొప్పి నాలుగు నెలలు పోలేదు. పడుకున్నప్పుడు చేయి కింద దిండు పెట్టాలి, లేపేటప్పుడు నడుము దగ్గర పట్టుకోవాలి, పడిపోయిన చేతిని ఎప్పుడూ లాగకూడదు.

ఇంటికి వచ్చిన తరువాత పావురం రక్తం పూయమని చెప్పినవారు ఉన్నారు, ఫలానా ఊరిలో పసరు మందు ఇస్తారని కారు కూడా మాట్లాడినవారు ఉన్నారు. వారి ప్రేమను నేను కాదనను. అయితే మెదడు కొత్త దారులు వేసుకోవడానికి అన్నిటికంటె సిద్ధంగా ఉండే తొలి వారాలను పత్యాలలోనూ ప్రయాణాలలోనూ పోగొట్టుకున్న ఇద్దరిని తరువాత నేను కలిశాను కనుక ఈ విషయం గట్టిగా చెబుతున్నాను. మావారు అందరికీ నమస్కారం పెట్టి, మరునాటి నుంచే ఫిజియోథెరపిస్టును ఇంటికి పిలిపించారు.

నాకు వచ్చిన మాట లోపాన్ని అఫేసియా అంటారు. దీనిని మతిభ్రమణం అనుకుని, నా ముందే నా గురించి మాట్లాడుకున్నవారు చాలామంది. నిజానికి ఎదుటివారి మాటలు నాకు చాలావరకు అర్థమయ్యేవి. కాఫీ అడగబోతే నోటి నుంచి "చాప" అని వచ్చేది. అది తప్పని చెవికి వెంటనే తెలిసేది. దిద్దుకోబోతే మళ్ళీ చాపే వచ్చేది. ఒక ముద్రణాలయంలో ఇరవై రెండేళ్ళుగా ప్రూఫులు దిద్దుతున్న నాకు, తప్పు కళ్ళెదుట కనిపిస్తూ కూడా దిద్దడానికి అందకపోవడం చేయి పడిపోవడం కంటె ఎక్కువ బాధ కలిగించింది. రెండవ నెలలో మాటలు విడివిడిగా రావడం మొదలైంది గాని వాటిని కలిపే ప్రత్యయాలు రాలేదు. "మందు... డబ్బా... అమ్మాయి" అనేదాన్ని. మందు డబ్బాలో ఉందంటున్నానో, అమ్మాయిని తెమ్మంటున్నానో, అమ్మాయికి ఇమ్మంటున్నానో తెలియక ఇంట్లోవారు తికమకపడేవారు. ని, కు, లో, తో అనే చిన్న అక్షరాలు లేకపోతే తెలుగు వాక్యం ఎలా కూలిపోతుందో నా నోటితోనే తెలుసుకున్నాను.

వారానికి మూడు రోజులు స్పీచ్ థెరపిస్టు వచ్చేది. మా అమ్మాయి వయసే. ఒకరోజు పూజగదిలో మా అత్తగారు మంగళహారతి పాడుతుంటే నేను ఒక్క అక్షరం తప్పకుండా గొంతు కలిపాను. ఇల్లంతా నిర్ఘాంతపోయింది. ఆ అమ్మాయి మాత్రం ఆశ్చర్యపోలేదు. పాటలో, లయలో మెదడులో దెబ్బ తగలని కుడి భాగం కూడా పాలుపంచుకుంటుందనీ, ఆ దారిన మాటను రప్పించే పద్ధతిని 1973లోనే బోస్టన్ పరిశోధకులు వివరించారనీ చెప్పింది. ఆనాటి నుంచి మా సాధన మారింది. నా ఎడమచేతిని బల్లమీద తాళం వేసినట్టు తట్టిస్తూ, "నీ-ళ్ళు కా-వా-లి" అన్న మాటలను రెండు స్వరాలలో పాడించేది. ముందు ఇద్దరం కలిసి, తరువాత ఆమె మధ్యలో ఆపేస్తే నేను ఒక్కదాన్నే. పాడటం నుంచి మామూలుగా పలకడానికి రావడానికి ఆ ఒక్క వాక్యానికే పద్దెనిమిది రోజులు పట్టింది. వారాల పేర్లలో గురువారం కావాలంటే ఆదివారం నుంచి వరసగా చెప్పుకుంటూ రావలసి వచ్చేది. "ఫరవాలేదమ్మా, మెట్లెక్కే రండి, నేను ఆగుతాను" అనేది ఆ అమ్మాయి. ఆమె నిజంగానే ఆగేది. నోరు తెరిచి వెతుక్కుంటున్న మనిషికి మాట అందించకుండా పది లెక్కపెట్టేంతసేపు ఊరుకోవడం ఇంట్లోవారికి నేర్పడమే తన పనిలో సగమని చెప్పేది. మావారికి అది చాలా కష్టమైంది. ముప్పై ఏళ్ళుగా నా మాట ముగియకముందే అందుకుని పూర్తిచేయడం ఆయనకు అలవాటు.

చదవడం కోసం ముద్రణాలయం నుంచి పాత ప్రూఫులు తెప్పించుకున్నాను. ప, వ, మ, య కలగాపులగంగా కనిపించేవి. పంక్తి చివరికి వెళ్ళాక తరువాతి పంక్తి దొరికేది కాదు. ఒక అట్టముక్కలో ఒకే పంక్తి కనిపించేంత కిటికీ కోసి ఇచ్చారు. దానిని కాగితం మీద జరుపుకుంటూ రోజుకు ఒక్క పేరా చదివేదాన్ని.

చేతి విషయంలో మొదట నేను అపోహపడ్డాను. ఎవరో నూనె రాసి, వేళ్ళు సాగదీసి, మర్దన చేస్తే శక్తి వస్తుందనుకున్నాను. సాగదీయడం కీళ్ళు బిగుసుకుపోకుండా కాపాడుతుంది గాని, కదలిక తిరిగి రావాలంటే నేనే కదిలించాలి, అదీ వందల సార్లు, ఏదో ఒక పని కోసం. అద్దం సాధన అప్పుడు మొదలైంది. బీరువా నుంచి ఊడదీసిన నిలువుటద్దాన్ని బల్లమీద నా రెండు చేతుల మధ్య నిలువుగా, దాని ముఖం ఎడమచేతివైపు ఉండేలా నిలబెట్టి, కుడిచేతిని దాని వెనక దాచి, ఎడమచేతిని ముందు పెట్టి, గుప్పిట మూస్తూ తెరుస్తూ అద్దంలోకి చూడాలి. అద్దంలో కనిపించేది కుడిచేయే అనిపిస్తుంది, అది చక్కగా కదులుతుంటుంది. మద్రాసులో వైద్యం చదివి అమెరికాలో స్థిరపడిన వి.ఎస్. రామచంద్రన్ 1990లలో తెగిపోయిన అవయవం ఇంకా ఉన్నట్టే కలిగే నొప్పికి కనిపెట్టిన ఉపాయం ఇది. తరువాత పక్షవాతానికీ వాడుతున్నారు. రోజుకు అరగంట చొప్పున అయిదు వారాలు చేశాక ఒక మధ్యాహ్నం అద్దం వెనక చూపుడువేలు బల్లను గీరింది. ఆ చిన్న చప్పుడు నేనూ విన్నాను, పక్క గదిలో ఉన్న మావారూ విన్నారు.

మణికట్టు కాస్త పైకి లేవడం మొదలయ్యాక మరో పద్ధతి వచ్చింది. బాగున్న ఎడమచేతికి వంటగది తొడుగు తొడిగి, రోజుకు మూడు గంటలు కుడిచేత్తోనే పనులు చేయాలి. ఇది ఎడ్వర్డ్ టాబ్ అనే అమెరికా శాస్త్రవేత్త రూపొందించిన పద్ధతి. 2006లో ప్రకటించిన ఒక పెద్ద పరీక్షలో, పక్షవాతం వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలు గడిచిన 222 మంది మీద దీని ప్రయోజనం నిరూపించారు. వేళ్ళు కొంతైనా తెరుచుకునేవారికే ఇది పనికివస్తుంది, అందరికీ కాదు. నా పనిముట్లు మా ఇంట్లోవే. చపాతీ పిండి ముద్ద, బట్టల క్లిప్పులు, వేరుశనగ కాయలు, చింతగింజలు. ఎన్నిసార్లు చేశానో లెక్క తప్పకుండా ఒక్కో సారికి ఒక్కో చింతగింజను ఒక గిన్నె నుంచి మరో గిన్నెలోకి వేసేదాన్ని. ఆ వేయడం కూడా వ్యాయామమే. రోజుకు మూడు వందల గింజలు దాటితేనే తొడుగు తీసేదాన్ని.

ముగ్గును వైద్యంలోకి తెచ్చింది ఆక్యుపేషనల్ థెరపిస్టు, అంటే రోజువారీ పనులు మళ్ళీ చేసుకోవడం నేర్పేవారు. జబ్బు పడక ముందు రోజూ కుడిచేత్తో ఏం చేసేవారని అడిగి, నేను ముగ్గుపిండి గిన్నె చూపించగానే ఆయన ఇంకేమీ అడగలేదు. ఆలోచిస్తే చేతికి ఇంతకంటె నాజూకైన పని అరుదు. రెండు వేళ్ళూ గట్టిగా నొక్కితే పిండి రాదు, వదిలేస్తే కుప్ప పడుతుంది, ఆ రెండింటికీ మధ్య పట్టును నిలుపుతూ భుజం, మోచేయి, మణికట్టు కలిసి కదలాలి. నల్లరంగు వేసిన అట్టను బల్లమీద పరిచి మొదలుపెట్టాము. మొదటి వారం చుక్కలే. చుక్కలన్నీ రూపాయి బిళ్ళంత పడేవి. మూడవ నెలలో జానెడు గీత వచ్చింది. అట్ట మీది నుంచి నేల మీదికి రావడానికి మాత్రం మరింత కాలం పట్టింది, ఎందుకంటే వంగినప్పుడు కాలు ఆనాలి. పాదం ముందుభాగం నేలకు జారిపోతుంది కనుక మడమ నుంచి పిక్క దాకా పట్టి ఉంచే ప్లాస్టిక్ పట్టీ వేసుకుని, దానికి సరిపోయే పెద్ద సైజు బూటు కొనుక్కుని, నాలుగు కాళ్ళ చేతికర్రతో నడిచాను.

శరీరం కోలుకుంటున్న నెలల్లోనే మనసు దిగిపోయింది. ఊరికే ఏడుపు వచ్చేది, సాధన మానేసి గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. పక్షవాతం వచ్చినవారిలో దాదాపు ముగ్గురిలో ఒకరికి ఇలా జరుగుతుందని, ఇది బలహీనత కాదని, మెదడుకు తగిలిన దెబ్బలో ఇదీ భాగం కావచ్చని డాక్టరుగారు చెప్పి మందు రాశారు. ఆ రోజుల్లో మావారు కూడా కుంగిపోయారు. ఆయన మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే టెలి మానస్ సహాయ నంబరు 14416కు ఫోను చేసి తెలుగులో మాట్లాడుకున్నారు. సేవ చేసేవారికి కూడా ఒకరు కావాలన్నది మా ఇంట్లో చివరగా గుర్తించిన విషయం.

ఆరు నెలలు దాటితే ఇక వచ్చేదేమీ ఉండదని నాకు చాలామంది చెప్పారు. నా సొంత సంతకం పదహారవ నెలలో వచ్చింది. అందుకు సాధన ఎంత కారణమో, ప్రతి నెలా రెండవ ఆదివారం జరిగే మా సమావేశమూ అంతే కారణం. మా ఫిజియోథెరపీ క్లినిక్ ముందుగదిలో పక్షవాతం వచ్చిన పదిహేను మందిమి చేరుతాము. పద్దులూ లేవు, ప్రసంగాలూ లేవు. ఒకరి బదులు మరొకరు మాట్లాడకూడదన్నదే నియమం. మాట పూర్తయ్యే వరకు అందరూ ఆగుతారు. అర్ధగంట సేపు భార్యలు, భర్తలు, కొడుకులు, కోడళ్ళు విడిగా పక్కగదిలో కూర్చుని మా ముందు చెప్పుకోలేనివి చెప్పుకుంటారు. అక్కరతీరిన చక్రాల కుర్చీ, కమోడు కుర్చీ, నా నాలుగు కాళ్ళ కర్ర అక్కడే చేతులు మారాయి. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం పత్రానికి ఏ కాగితాలు తీసుకువెళ్ళాలో నాకు అక్కడే తెలిసింది.

ఇప్పుడు రోజుకు మూడు గంటలు ప్రూఫులు చూస్తున్నాను. ఫోనులో కొత్తవారితో మాట్లాడటం ఇంకా కష్టమే, చలికి వేళ్ళు బిగుస్తాయి. వాకిట్లో ఏడు చుక్కల ముగ్గు వేస్తున్నాను, పదిహేను చుక్కలది వేయలేను. మూడు నెలల క్రితం మా సమావేశానికి ఒక ఆటో డ్రైవరును అతని భార్య తీసుకువచ్చింది. ఆసుపత్రిలో ఇచ్చిన బొమ్మల అట్టల్లో ఏనుగు, ఓడ, ద్రాక్షపండ్లు ఉన్నాయి. అతను వాటిని పక్కకు నెట్టేస్తున్నాడు. "అన్నయ్యకు రోజూ నోట్లో నానే మాటలు ఏవో రాసి పెట్టమ్మా" అని అతని భార్యను అడిగాను. ఆమె రాసి తెచ్చిన ముప్పై మాటలతో ఇప్పుడు నేను అట్టలు తయారుచేస్తున్నాను. బొమ్మలు మావారు గీస్తున్నారు, కింద పెద్ద అక్షరాలు నేను కుడిచేత్తో రాస్తున్నాను. గేరు, మీటరు, చిల్లర, బెంజ్ సర్కిల్ అయిపోయాయి. పెట్రోలు దగ్గర నా ఓత్వం మూడుసార్లు వంకర పోయింది. నాలుగో అట్ట మీద రాస్తున్నాను.