సాగర్ రోడ్డు మీద నీళ్ల లెక్క

ట్రయాథ్లాన్ (ఈత, సైకిల్, పరుగు కలిపిన పోటీ) ప్రాక్టీసుకు నల్గొండ నుంచి హాలియా మీదుగా సాగర్ దాకా సైకిల్ తొక్కాలంటే కాళ్ల కన్నా ముందు నీళ్ల సంగతి చూసుకోవాలె. ఎండాకాలం గంటకు లీటరు చెమట పోయినా పోతది. ఫ్రేముకు పట్టేవి రెండే బాటిళ్లు, 750 ఎంఎల్‌వి. అందుకే మూడోది సీటు వెనకాల. ఒకదాంట్ల నిమ్మరసం, ఉప్పు, కొంచెం చక్కెర. దారిల బోరింగు కనబడ్డా ఆగను. ఫ్లోరైడ్ గురించి నల్గొండోళ్లకు ఒకరు చెప్పాల్నా!

హాలియాల చాయ్ హోటల్ దగ్గర ఆగితే "గీ ఎండల ఏడికి బిడ్డా? ఫిల్టర్ నీళ్లే, పట్టు" అనుకుంట ఒక పెద్దమ్మ కుండల నుంచి ముంచి పోస్తది. బాటిల్ మూతి సన్నం, సగం నా చేతుల మీదనే. నీళ్లల్ల కలుపుకునే ఏ ఎలక్ట్రొలైట్ (ఉప్పుల) గోళీ ఇయ్యదు ఆ సుఖం. పెద్దవూర దాటినంక మళ్ల గుక్క గుక్కకు లెక్కే.