లాకియర్ ఉత్తరాల పట్టిక: 1868 అక్టోబరు దాకా వచ్చింది

బ్రిటిష్ ఖగోళ శాస్త్రవేత్త నార్మన్ లాకియర్ రాసినవి, ఆయనకు వచ్చినవి, ఆయన పనితో ముడిపడినవి, ఇలా అచ్చులో దొరికే ఉత్తరాలన్నీ తేదీల వారీగా ఒక షీట్‌లో పేరుస్తున్నాను. చేతిరాత ప్రతులు ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. నాకు అందేవి లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీ ప్రొసీడింగ్స్, పారిస్ సైన్సు అకాడమీ సంపుటాలు, పాత పత్రికల స్కాన్లు మాత్రమే. అవే బోలెడు.

ఒక్కో ఉత్తరానికి మూడు తేదీల కాలమ్‌లు పెట్టాను: రాసింది, సభలో చదివింది, అచ్చయింది. 1868 ఉత్తరాలు ఎక్కిస్తుంటే ఈ ఏర్పాటు ఎంత అవసరమో అర్థమైంది. ఆ ఏడాది ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్సు నుంచి వచ్చిన ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో దుర్భిణి పెట్టుకుని కూర్చున్నాడు. సూర్యుడి అంచున లేచే జ్వాలల గీతలు వర్ణపటంలో (కాంతిని రంగులుగా విడదీస్తే వచ్చే పట్టీలో) ఎంత మెరిశాయంటే, గ్రహణం లేకపోయినా ఇవి కనబడాలి కదా అనిపించింది ఆయనకు. మర్నాడే చూశాడు, కనబడ్డాయి. సెప్టెంబరు 4 దాకా అక్కడే రోజూ చూస్తూ ఉండిపోయి, 19న కాకినాడ నుంచి పారిస్‌కు ఉత్తరం రాశాడు. సూయజ్ కాలువ ఇంకా తెరవలేదు. అక్టోబరు 26న సభలో చదివారు. అంటే 37 రోజులు.

లాకియర్ అప్పటికి లండన్ యుద్ధ శాఖలో గుమాస్తా. గ్రహణం లేకుండానే జ్వాలల్ని చూడొచ్చని 1866లోనే అన్నాడు. కానీ తగిన స్పెక్ట్రోస్కోప్ (కాంతిని వర్ణపటంగా విడదీసే పరికరం) చేతికొచ్చేసరికి 1868 అక్టోబరు అయింది. 20వ తేదీ ఉదయం గీతలు కనబడ్డాయి, ఆ రోజే రాయల్ సొసైటీకి రాశాడు. ఆ ఉత్తరం చాలా చిన్నది. సూర్యుడి వర్ణపటంలోని నల్ల గీతల్ని C, D, F లాంటి అక్షరాలతో పిలుస్తారు. ఆయన చూసినవి మూడు మెరిసే గీతలు: ఒకటి C మీద సరిగ్గా కూర్చుంది, ఒకటి దాదాపు F దగ్గర, ఇంకొకటి D పక్కన, కానీ దాని మీద కాదు. ఆ మూడోది ఎంత జరిగి ఉందో సుమారు కొలత వేసి మరీ రాశాడు. D సోడియం గీత; దాని మీద పడని ఈ పసుపు గీత హీలియం అనే కొత్త మూలకానిదని తర్వాత తేలింది. హీలియం కథంతా ఆ కాస్త ఎడంలోనే ఉంది. ఈ వార్త పారిస్‌కూ వెళ్లింది, అదే 26న చదివారు.

ఇద్దరూ ఒకే రోజు కనిపెట్టారనే మాట అక్కడ పుట్టిందే. అప్పట్లో అకాడమీ సమావేశాలు సోమవారాల్లో జరిగేవి, ఆ 26 సోమవారమే. షీట్‌ను 'చదివింది' కాలమ్ ప్రకారం పేరిస్తే ఇద్దరూ పక్కపక్కనే వస్తారు, 'రాసింది' ప్రకారం పేరిస్తే నెల తేడా. ఫ్రెంచి ప్రభుత్వం 1872లో ఇద్దరి ముఖాలతో వేయించిన పతకం మీద మాత్రం ఆగస్టు 18 ఉంది. ఆ రోజున లాకియర్ లండన్‌లో పరికరం కోసం ఎదురుచూస్తున్నాడు! మనవాళ్లు హీలియం గుంటూరులో దొరికిందని గొప్పగా చెప్పుకుంటారు. కాకినాడ ఉత్తరంలో కొత్త మూలకం ఊసే లేదు. నా దృష్టిలో గుంటూరుకు దక్కాల్సిన పేరు వేరే: సూర్యజ్వాలల్ని మామూలు ఎండలో చూడటం మొదలైంది అక్కడే. అది చిన్న సంగతేం కాదు.

వెతకాలనుకునేవాళ్లకు: పారిస్ సంపుటం సంఖ్య 67, గల్లికాలో (ఫ్రాన్సు జాతీయ గ్రంథాలయం వెబ్‌సైటు) ఉచితంగా దొరుకుతుంది. వెతుకుడు పెట్టెలో ఇప్పటి పేర్లు కొడితే ఏమీ రాదు. కాకినాడకు 'కోకనాడ', గుంటూరుకు రెండు 'ఓ'ల స్పెల్లింగు, బందరుకు 'మసూలిపటం' ప్రయత్నించండి. బందరులో మద్రాసు ఖగోళ శాస్త్రవేత్త పాగ్సన్ అదే గ్రహణం చూశాడు కాబట్టి ఆ పేరూ అవసరమే. ఫ్రెంచి పేజీని ఫోన్‌లో అనువదించుకోవచ్చు, కానీ అంకెల్ని మాత్రం స్కాన్‌తో సరిచూసుకోవాలి. పాత అచ్చులో 3, 8 ఒకేలా ఉంటాయి.

సాహిత్యానికి సంబంధించిన ఉత్తరాల భాగం ఇంకా పల్చగా ఉంది. లాకియర్‌కు కవి టెన్నిసన్‌తో స్నేహం. 1869 నవంబరు 4న మాక్మిలన్ ప్రచురణ సంస్థ వాళ్లతో 'నేచర్' సైన్సు పత్రిక మొదలుపెట్టాక సంపాదకుడికి ఉత్తరాలు వరదలా వచ్చాయి. వాటిని విడి ట్యాబ్‌లో వేస్తున్నాను, లేకపోతే మిగతావన్నీ మునిగిపోతాయి.

తర్వాత ఫ్రాంక్‌లాండ్ వంతు. లాకియర్‌తో కలిసి పసుపు గీతను హైడ్రోజన్‌తో పోల్చి చూసిన రసాయన శాస్త్రవేత్త ఆయన. 1871లో భౌతిక శాస్త్రవేత్త విలియం థామ్సన్ హీలియం పేరు ఎత్తింది ప్రసంగంలో గనక దాన్ని పట్టికలోకి ఎక్కించను, వ్యాఖ్యల కాలమ్‌లో ఉంచుతాను.