తప్పు బ్యాటరీది కాదు

పోయిన డిసెంబరులో ఒక తెల్లవారుజామున మా డీజిల్ కారు సెల్ఫ్ తీసుకోలేదు. బ్యాటరీకి నాలుగేళ్లు నిండాయి కాబట్టి దాని పని అయిపోయిందనుకుని, పాతది ఎక్స్ఛేంజికి ఇచ్చి కొత్తది బిగించుకున్నాను. ఆరు వారాలు తిరగకుండానే మళ్లీ అదే మూలుగు మొదలైంది. ఈసారి మెకానిక్ ఇంజిన్ నడుస్తుండగానే బ్యాటరీ టెర్మినల్ ఊడదీయబోయి, బండి ఆగిపోతే డైనమో పోయినట్టేనన్నాడు. ఇంజిన్ నడుస్తుండగా కరెంటు పుట్టించి బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ను మన షెడ్లలో ఇప్పటికీ డైనమో అనే అంటారు. నేను ఆయన చేయి పట్టుకుని ఆపాను. మెకానికల్ పంపు ఉన్న పాత డీజిల్ ఇంజిన్లకు ఆ పద్ధతి చెల్లిందేమో గాని, కంప్యూటరు అదుపులో డీజిల్ చిమ్మే కామన్ రైల్ ఇంజిన్‌లో నడుస్తున్న బండికి బ్యాటరీ తప్పిస్తే వోల్టేజీ ఒక్కసారిగా ఎగిసి, దాన్ని అదుపులో ఉంచే రెగ్యులేటరూ, ఇంజిన్ కంప్యూటరూ కాలిపోయే ప్రమాదం ఉంది. దయచేసి ఎవరినీ ఆ పని చేయనివ్వకండి.

ఆదివారం పొద్దున నేనే మల్టీమీటరు పట్టుకుని కూర్చున్నాను. రాత్రంతా కదలకుండా ఉన్న కారులో, బాగా చార్జ్ అయిన బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, 12.2 అంటే సుమారు సగమే మిగిలినట్టు. మాది 12.25 చూపింది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు అదే చోట 13.8 నుంచి 14.5 దాకా రావాలి. కొన్ని కొత్త కార్లలో కంప్యూటరే చార్జింగును పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది గనుక అక్కడ ఒక్క అంకెను చూసి నిర్ణయానికి రాకూడదు, కాని మా కారుకు ఆ ఏర్పాటు లేదు. హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి చూస్తే 13.1 దాటలేదు.

చాలామంది ఇక్కడే ఆల్టర్నేటర్ విప్పేస్తారు. నేను బెల్టుకు, ఫ్యానుకు చేతులు దూరంగా ఉంచి, మీటరు ఎర్ర తీగను ఆల్టర్నేటర్ వెనక ఉన్న లావుపాటి బోల్టుకూ, నల్ల తీగను దాని ఒంటికీ ఆనించాను. 14.3! అంటే కరెంటు పుట్టవలసినంతా పుడుతోంది, దారిలో ఎక్కడో పోతోంది. లైట్లు వెలుగుతుండగానే ఆ బోల్టు నుంచి బ్యాటరీ ప్లస్ వరకు కొలిస్తే 0.15 వోల్టు మాత్రమే తగ్గింది, అందులో తప్పు లేదు. ఆల్టర్నేటర్ ఒంటి నుంచి బ్యాటరీ మైనస్ వరకు కొలిస్తే 1.05 ఉంది. అక్కడ 0.2 దాటకూడదు.

అన్నింటికంటే విలువైన ఆధారం సెల్ఫ్ కొట్టేటప్పుడు దొరికింది. డీజిల్ ఇంజిన్‌లో కంప్రెషన్ ఎక్కువ కాబట్టి సెల్ఫ్ మోటారు వందల ఆంపియర్లు లాగుతుంది, మంచి బ్యాటరీ కూడా ఆ క్షణంలో పది వోల్టుల చుట్టుపక్కలకు దిగుతుంది, నీరసించినదైతే 9.6 కంటే కిందకు పడిపోతుంది. మా అబ్బాయి తాళం తిప్పుతుంటే ఇంజిన్ బరువుగా, ఆగి ఆగి తిరిగింది, మీటరు మాత్రం 11.4 దగ్గరే నిలబడింది. బ్యాటరీ ఇవ్వడానికి సిద్ధంగానే ఉన్నా, మోటారు దాకా కరెంటు చేరడం లేదన్నమాట. జంపర్ కేబులు ఒకటి తెచ్చి ఇంజిన్ బ్లాకుకూ బ్యాటరీ మైనస్‌కూ నేరుగా కలిపి మళ్లీ తిప్పమన్నాను. ఒక్క దెబ్బకు స్టార్టయింది.

గేర్‌బాక్సు పక్కన, బాడీ నుంచి ఇంజిన్‌కు వచ్చే అల్లిక రాగి ఎర్త్ పట్టీ దొరికింది; ఇంజిన్ నుంచి బ్యాటరీ మైనస్‌కు కరెంటు తిరిగి వెళ్లే దారి అదే. దాని పోగులు సగం తెగి, మిగిలినవి పచ్చని చిలుము పట్టి, వేలితో నొక్కితే పొడిగా రాలాయి. బోల్టు చోటును మెరిసే లోహం కనబడేదాకా ఉప్పుకాగితంతో రుద్ది కొత్త పట్టీ బిగించాక, బ్యాటరీ దగ్గర 14.1 వచ్చింది.

అయితే సగం చార్జితో వారాల తరబడి ఉన్న బ్యాటరీ పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడుతుంది గనుక, దాన్ని విప్పి బయటి చార్జరు మీద రాత్రంతా పెట్టాను. కారును తాళం వేసి అరగంట వదిలేశాక మైనస్ తీగలో వరుసగా మీటరు కలిపి చూస్తే 30 మిల్లీ ఆంపియర్లే పోతున్నాయి; 50 లోపు ఉంటే రాత్రిపూట దొంగతనంగా కరెంటు తాగే పరికరం ఏదీ లేనట్టే. ఆల్టర్నేటర్‌లో ఏసీని డీసీగా మార్చే డయోడ్ల కోసం మీటరును ఏసీకి తిప్పి నడుస్తున్న ఇంజిన్ మీద చూశాను, అర వోల్టుకు చాలా తక్కువే ఉంది, అంటే అవి బాగున్నట్టే.

పాత బ్యాటరీని ఒక్కసారైనా కొలవకుండా ఎక్స్ఛేంజికి ఇచ్చేసినందుకు మాత్రం ఇప్పటికీ బాధగానే ఉంది.