లైను ఆపినందుకు కృతజ్ఞతలు

జపాన్‌లో నేను శిక్షణ పొందుతున్న కర్మాగారంలో, అనుమానం వస్తే లైను ఆపమని లాగడానికి ప్రతి స్టేషన్ దగ్గరా ఒక తాడు ఉంటుంది. పోయిన వారం పని మధ్యలో దాన్ని లాగాను. కనెక్టర్ బిగిసినప్పుడు రావాల్సిన 'టిక్' చప్పుడు నాకు వినిపించలేదు. తల మీది బోర్డులో మా స్టేషన్ నంబరు పసుపుగా వెలిగింది, పాట మొదలైంది, మా హాన్‌చో, అంటే జట్టు పెద్ద, గబగబా వచ్చారు. లైను మీద కదిలే వస్తువు నేల మీది గీత దాటేలోగా అనుమానం తీరకపోతే లైను ఆగిపోతుంది. ఆగిపోయింది. విప్పి చూస్తే కనెక్టర్ సరిగ్గానే ఉంది. నేను సంజాయిషీకి మాటలు వెతుక్కుంటుంటే ఆయన కాస్త తల వంచి, "ఆపినందుకు థాంక్స్" అన్నారు. ఆ తర్వాతే, ఎందుకు అనుమానం వచ్చిందని అడిగారు. పక్కన నట్లు బిగించే గన్ మోతలో చప్పుడు తెలియడం లేదన్నాను.

మర్నాడు పొద్దున వ్యాయామం అయ్యాక జరిగే సమావేశంలో ఆ సంగతి అందరికీ చెప్పి, తెల్ల గీత పెట్టిన కనెక్టర్ చూపించారు. పూర్తిగా బిగిస్తే గీత లోపలికి వెళ్లిపోతుంది. ఇక చెవి మీద ఆధారపడక్కర్లేదు, కన్ను చాలు. సూచన కాగితం మీద నా పేరు రాశారు. బహుమతి ఐదు వందల యెన్‌లు, క్యాంటీన్‌లో ఒక పూట భోజనం డబ్బు. నాకు అంతకంటే ఆ గీతే ఎక్కువ అనిపించింది. నిన్న అన్న మాట ఇవాళ వస్తువు మీద కనిపిస్తోంది.

నాగోయా దగ్గరి ఈ విడిభాగాల కర్మాగారానికి నేను మన ప్లాంటు నుంచి శిక్షణకు వచ్చాను. మన ప్లాంటులో లైను ఆగితే మొదటి ప్రశ్న "ఎవరు ఆపారు?" అనే. ఆగిన నిమిషాల లెక్క సాయంత్రం మీటింగులో చదువుతారు. అందుకే అనుమానం ఉన్న భాగాన్ని కూడా ముందుకు తోసేస్తారు, తనిఖీవాళ్లు చూసుకుంటారులే అని. సూచనల పెట్టె గేటు పక్కనే ఉంటుంది. అందులో కాగితం వేసినవాళ్లకు జవాబు వచ్చినట్టు నేను వినలేదు.

అలాగని మనవాళ్లను తక్కువ చేస్తే ఊరుకోను. మా నాన్నకు ఆపరేషన్ అయినప్పుడు షిఫ్టు దిగి నేరుగా ఆస్పత్రికి వచ్చి రక్తమిచ్చింది మా సూపర్‌వైజరు, ఆయన వెంటబెట్టుకొచ్చిన కుర్రాళ్లు. ఆయుధపూజ నాడు ఇంటిల్లిపాదీ ప్లాంటుకు వస్తారు. ఇక్కడ పక్క స్టేషన్ మనిషికి నాకు పిల్లలున్నదీ లేనిదీ తెలియదు. సర్వేలు చేసే గాలప్ సంస్థ ఉద్యోగులను అడిగే 12 ప్రశ్నల్లో ఒకటి, పనిచేసే చోట నిన్ను మనిషిగా పట్టించుకునేవారున్నారా అన్నది. దానికి నా ఓటు మన ప్లాంటుకే. నీ అభిప్రాయానికి విలువుందా అన్న ప్రశ్నకు మాత్రం ఇక్కడికే వేయాలి, వేస్తుంటే మనసు చివుక్కుమంటుంది.

ఆ సర్వేల్లో మనసుపెట్టి పనిచేస్తున్నామనే జపాన్ వాళ్లు పది శాతం కూడా ఉండరు. మన దేశం దానికి ఎన్నో రెట్లు పైన. తమ గురించి గొప్పగా చెప్పుకోకపోవడం కొంత కారణం కావచ్చు. అయితే అలసట నిజం. ఓవర్‌టైమ్‌ను మామూలుగా నెలకు 45 గంటలకు మించనివ్వకూడదని, ఏటా కనీసం 5 రోజులైనా జీతంతో సెలవు ఇప్పించాలని 2019 నుంచి చట్టం పెట్టాల్సి వచ్చింది. చివరి రైల్లో నిలబడి నిద్రపోయేవాళ్లను చూసినప్పుడల్లా, ఈ దేశం నుంచి అన్నీ నేర్చుకోనక్కర్లేదు అనుకుంటాను.

నేర్చుకోవాల్సిన ఆ ఒక్కదాన్ని, అంటే భయం లేకుండా లైను ఆపడాన్ని, మనవాళ్లు "అది వాళ్ల రక్తంలోనే ఉందిలే" అని కొట్టిపారేస్తారు. నాకు ఒప్పుదల కాదు. నాగోయాలోని టొయోటా స్మారక మ్యూజియంలో టొయోటా కార్ల కంపెనీ పెట్టిన కీచిరో తండ్రి సకిచి టొయోడా 1924లో పూర్తిచేసిన మగ్గం ఉంది. పోగు తెగితే దానంతటదే ఆగుతుంది. నేత పనిచేసే మా తాత పోగు తెగితే నాడె ఆపి ముడి వేసేవాడు, లేకపోతే బట్టంతా పాడవుతుందని. ఆపడం తప్పని ఆయనకు ఎవరూ నేర్పలేదు. ఇక కార్ల కంపెనీలో ఆ తీరు సులువుగా ఏమీ రాలేదు. 1950లో టొయోటాలో పెద్ద సమ్మె జరిగింది. వేయి మందికి పైగా ఉద్యోగాలు వదులుకున్నారు, అధ్యక్షుడు కీచిరో టొయోడా రాజీనామా చేశారు. మరుసటి ఏడాది మొదలైన సూచనల పథకం, అదే కుటుంబానికి చెందిన ఏజీ టొయోడా అమెరికా వెళ్లి ఫోర్డు కర్మాగారంలో చూసొచ్చినది. ఒకరినొకరు నమ్మి పనిచేస్తామని యాజమాన్యం, కార్మిక సంఘం కలిసి ఉమ్మడి ప్రకటన చేసింది 1962లో. అంటే దెబ్బ తిని, పక్కవాడి దగ్గర నేర్చుకుని, ఏళ్ల తరబడి కట్టుకున్నారు.

ఉద్యోగి మనసు పనిలో ఎప్పుడు పూర్తిగా నిలుస్తుందో 1990లో రాసిన పరిశోధకుడు విలియం కాన్ మూడు షరతులు చెప్పాడు. వాటిలో ఒకటి, ఉన్నదున్నట్టు బయటపడితే తనకు కీడు జరగదన్న నమ్మకం. ఈ మాటే ఫోన్‌లో చెబితే మా ప్లాంటు తమ్ముడొకడు, "అన్నా, తాడు కట్టించడం ఎంతసేపు? లాగినవాడు కాంట్రాక్టు కుర్రాడైతే మర్నాడు గేటు లోపలికి రానిస్తారా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేకపోయింది. ఇక్కడా ఏజెన్సీ ద్వారా వచ్చిన బ్రెజిల్ కార్మికులున్నారు. వాళ్లు తాడు లాగినా హాన్‌చో అంతే వేగంగా వస్తారు, అది కళ్లారా చూశాను. గడువు ముగిశాక వాళ్లను కొనసాగిస్తారా అన్నది మాత్రం హాన్‌చో చేతుల్లో లేదు.

అందుకే నేను రాస్తున్న నివేదికలో తాడు, బోర్డు, పాట రెండో పేజీకి వెళ్లాయి. మొదటి పేజీలో రెండే అడిగాను. లైను ఆపిన మనిషి పేరు కాంట్రాక్టరుకు చేరకూడదు. ఆపిన కారణానికి జవాబు మర్నాటి షిఫ్టులోగా అతనికే చెప్పాలి.