కాడి మీద ఎంత పడుద్ది? ట్రక్కుకు ట్రైలర్ కుదుర్చుకున్న నా అనుభవం

నిన్న సాయంత్రం క్యాట్ స్కేల్ (లారీలు తూచే కాటా) టికెట్ చేతికొచ్చింది. ట్రక్కు ముందు యాక్సిల్ (ఇరుసు), వెనక యాక్సిల్, ట్రైలర్ యాక్సిళ్ళు, మూడు అంకెలూ హద్దులోనే ఉన్నాయి. నాలుగు నెలల తర్వాత రాత్రి కంటినిండా నిద్రపోయాను. స్నేహితుల్లో ఇద్దరు ఇలాగే ట్రక్కుతో లాగే ట్రైలర్ కొనే పనిలో ఉన్నారు, వాళ్ళ కోసమే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మేముండేది డాలస్ పక్కన. అమ్మ పోయాక నాన్న తెనాలి దగ్గరి మా ఊరి నుంచి ఆరు నెలలకని వచ్చాడు. మోకాళ్ళ నొప్పులు, బయటి తిండి పడదు. ఆయన్ని నాలుగు చోట్లకి తిప్పాలంటే పడుకోను మంచం, వండుకోను పొయ్యి, వెంట బాత్రూము ఉండాలి. అందుకే ఫిఫ్త్ వీల్ ట్రైలర్ కొన్నాం. మామూలు ట్రైలర్ బంపర్ వెనక కొక్కేనికి తగులుకుంటుంది. ఫిఫ్త్ వీల్ అలా కాదు, దాని ముక్కు ట్రక్కు బెడ్ (వెనక సామాను వేసే తొట్టి) మీదకి వచ్చి, ముక్కు కిందున్న కింగ్‌పిన్ అనే ఇనప కడ్డీ బెడ్‌లో బిగించిన హిచ్‌లో కూర్చుంటుంది. రోడ్డు మీద అటూ ఇటూ ఊగడం తక్కువ. కాకపోతే ఆ ముక్కు బరువంతా ట్రక్కు వీపు మీదే.

నా దగ్గరున్నది హాఫ్ టన్ ట్రక్కు (పికప్‌లలో తేలిక తరగతి, దాని పైవి త్రీ ఫోర్త్ టన్, వన్ టన్), అయిదున్నర అడుగుల బెడ్. బ్రోషర్‌లో టోయింగ్ కెపాసిటీ, అంటే లాగగలిగే బరువు, 11,300 పౌండ్లు. ట్రైలర్ ఖాళీ బరువు 8,200. డీలర్ దగ్గర సేల్స్ కుర్రాడు ఈ రెండు అంకెలూ కాగితం మీద రాసి, ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి, 'ఇంకా మూడు వేల పౌండ్లు మిగిలాయి సార్' అన్నాడు. నేనూ తల ఊపాను. హిచ్ బిగించడం, ట్రైలర్ బ్రేకులు పట్టించే బ్రేక్ కంట్రోలర్ పెట్టడం ఒక్క పూటలో అయిపోయాయి. లైసెన్స్ గొడవ కూడా లేదు. టెక్సస్‌లో ట్రక్కు, ట్రైలర్ కలిపిన రేటింగ్ (కంపెనీ రాసిన గరిష్ఠ బరువు) 26,001 పౌండ్లకు చేరి, ట్రైలర్ పది వేలు దాటితేనే క్లాస్ ఏ లైసెన్స్ కావాలి. మాది అంత దూరం పోదు.

మొదటిసారి సామాను సర్ది ట్రైలర్ తగిలించగానే ట్రక్కు వెనక భాగం కూర్చుంది, హెడ్‌లైట్లు ఆకాశంలోకి చూశాయి. నాన్న చుట్టూ తిరిగి చూసి, 'ఒరే, లాగుద్దా లేదా అని కాదు, కాడి మీద ఎంత పడుద్దో అడిగావా?' అన్నాడు. నలభై ఏళ్ళు ఎడ్లబండి తోలిన మనిషి. వరికట్టలు ముందుకు ఎక్కువేస్తే ఎద్దుల మెడలు కమిలిపోతాయి, వెనక్కి ఎక్కువేస్తే నొగ పైకి లేస్తుంది. బండికి కట్టిన ఎద్దు ఎంత లాగుతుందన్నది ఒక లెక్క, మెడ మీద ఎంత ఓర్చుకుంటుందన్నది ఇంకో లెక్క. ఆయనకి ఇంగ్లీషు రాదు గానీ, అయిదు నిమిషాల్లో ఆయన అడిగిన ప్రశ్న ఆ డీలర్ దగ్గర రెండు గంటల్లో ఒక్కరూ అడగలేదు.

ఆ రోజే ఐ-35 మీదున్న ట్రక్ స్టాప్‌కి తోలుకెళ్ళాను. క్యాట్ స్కేల్ అంటే నేల మీద వరసగా పరిచిన పెద్ద పలకలు. ముందు చక్రాలు మొదటి పలక మీద, వెనక చక్రాలు రెండో దాని మీద, ట్రైలర్ చక్రాలు మూడో దాని మీద పడాలి. నేను ఎక్కువ ముందుకి పోయి ఆపాను. వెనక రెండు భారీ లారీలు, అందులో ఒకతను హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు. ఇంటర్‌కమ్‌లో కాటా దగ్గరి ఉద్యోగిని కంపెనీ పేరు, ట్రక్ నంబరు అడిగింది. కంపెనీ లేదు, సొంత బండి అని మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. చివరికి వెనక లారీ డ్రైవరే దిగొచ్చి, చేత్తో సైగలు చేస్తూ నన్ను నాలుగడుగులు వెనక్కి జరిపించాడు. ఒక్క మాట కూడా అనలేదు. ఆయనకి ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

టికెట్: ముందు 3,040, వెనక 5,260, ట్రైలర్ 7,840. ట్రక్కు తలుపు తీసి చూశాను. వెనక యాక్సిల్ హద్దు 4,100. ట్రక్కు మొత్తం హద్దు 7,050, పడింది 8,300. నా పిల్లలిద్దరినీ వెనక సీట్లో కూర్చోబెట్టుకుని, హద్దు మీద 1,250 పౌండ్లు వేసుకుని, జులై ఎండలో, కాగిపోయే తారు మీద వెళ్ళబోయాను. టైర్లు వేడెక్కి పేలేది ఇలాంటప్పుడే. పార్కింగ్‌లో ట్రైలర్ విప్పి, ట్రక్కు ఒక్కదాన్నే మళ్ళీ తూచాను, 6,240 వచ్చింది. తేడా 2,060, అదే పిన్ బరువు. ట్రైలర్ మొత్తం 9,900 అయింది కాబట్టి, అందులో అయిదో వంతుకి పైనే ట్రక్కు వీపు మీద. ఫిఫ్త్ వీల్ అంటే 20 నుంచి 25 శాతం లెక్కేసుకోవాలి. ఖాళీ ట్రైలర్ మీద రాసిన పిన్ బరువు 1,380. దాన్ని నమ్మితే మునిగినట్టే.

డ్రైవరు తలుపు పక్కన పసుపూ తెలుపూ స్టిక్కర్ ఒకటి ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఎంత మించకూడదో అందులో రాసి ఉంటుంది. నాది 1,640. పిన్ 2,060, హిచ్ 150, మేం అయిదుగురం 585, బెడ్‌లో పనిముట్లు 100, అన్నీ కలిపితే 2,895. పిన్ ఒక్కటే స్టిక్కర్ దాటిపోయింది! బ్రోషర్‌లో లాగే బరువు అంకె తేల్చే జె2807 అనే ప్రామాణిక పరీక్షలో ట్రక్కులో ఉండేది డ్రైవరు, ఇంకొకరు, తలా 150 పౌండ్లు. మన సంసారం ఆ లెక్కలో లేదు.

మర్నాడు టికెట్ పట్టుకుని డీలర్ దగ్గరికి వెళ్ళాను, నాన్నని తీసుకెళ్ళి తప్పు చేశాను. మేనేజర్ టికెట్ పూర్తిగా చూడను కూడా చూడలేదు. 'జనం రోజూ ఇలాగే లాగుతున్నారు, సస్పెన్షన్‌కి గాలి సంచులు వేయించుకోండి' అన్నాడు. గాలి సంచులు ట్రక్కుని పైకి లేపుతాయి గానీ స్టిక్కర్ మీద అంకె మార్చవు, యాక్సిల్ బలమూ పెంచవు. ఆ మాటే అన్నాను. ఫైలు తెరిచి నా సంతకం మీద వేలు పెట్టాడు. లాగే వాహనం సరిపోతుందో లేదో చూసుకునే బాధ్యత కొన్నవాడిదేనని అక్కడ రాసి ఉంది. పక్క బల్లల దగ్గరున్నవాళ్ళు తలలు తిప్పి చూశారు. నాన్నకి మాటలు అర్థం కాలేదు, నా మొహం అర్థమైంది. నా భుజం మీద చెయ్యేసి 'పద' అన్నాడు. పద్దెనిమిదేళ్ళుగా ఈ దేశంలో ఉన్నాను, అంత చిన్నబోయింది అక్కడే. అమ్మేవాడు తూకం చెప్పకపోతే మా ఊళ్ళో సంతలో అందరిముందూ కడిగేస్తారు. ఇక్కడ ఒక్క సంతకంతో చేతులు దులుపుకుంటారు.

తర్వాత ట్రక్కు వేట. ఇక్కడ కూడా ఒక మోసపోయే చోటుంది. త్రీ ఫోర్త్ టన్ డీజిల్ అయితే కొండనైనా లాగుతుందని ఆఫీసులో అందరూ అన్నారు. లాగుతుంది, నిజమే. తలుపు తీస్తే స్టిక్కర్ 2,190! ఆ తరగతి ట్రక్కులు చాలావాటికి మొత్తం హద్దు 10,000 దగ్గర కట్టేసి ఉంటుంది. అందులో బరువైన డీజిల్ ఇంజను ఎంత తింటే మనకి అంత తగ్గుతుంది. పదకొండు ట్రక్కుల తలుపులు తీసి ఫొటోలు తీశాను. ఒకే మోడల్ అయినా సన్‌రూఫ్, నాలుగు చక్రాల డ్రైవ్ ఉన్నదానికి అంకె తగ్గిపోతుంది. మా ఆవిడ లెక్క రాసింది: ట్రైలర్ నిండా నింపితే 10,500, అందులో పాతిక శాతం 2,625, హిచ్, మనుషులు, పనిముట్లు కలిపి 3,460. అంతకు తక్కువ స్టిక్కర్ ఉన్న ట్రక్కు ఎంత మెరిసినా ఎక్కనన్నది. చివరికి వన్ టన్, పెట్రోల్ ఇంజను, ఎనిమిది అడుగుల బెడ్, స్టిక్కర్ 4,080. పాత ట్రక్కు మార్పిడిలో డబ్బు బాగానే నష్టపోయాం, ఆ అంకె రాయను.

పొడుగు బెడ్ వల్ల మలుపుల్లో ట్రైలర్ ముక్కు క్యాబ్ అద్దానికి తగులుతుందన్న భయం పోయింది. ట్రక్కు ఎత్తు ఎక్కువ కాబట్టి పిన్ బాక్స్ (కింగ్‌పిన్‌ని పట్టుకుని ఉండే పెట్టె) ఒక రంధ్రం మార్చి ట్రైలర్‌ని సమానం చేసుకున్నాం. బియ్యం బస్తా, గ్రైండర్ ముందు అరలో పెట్టేవాళ్ళం. అది నేరుగా పిన్ మీద పడే చోటని నాన్నే చూపించి, ఈసారి సగం యాక్సిళ్ళ దగ్గరికి జరిపించాడు. మంచినీళ్ళ ట్యాంకు సగమే నింపాం, గాలనుకి 8.3 పౌండ్లు మరి.

నిన్నటి టికెట్: ముందు 4,060, వెనక 5,760, ట్రైలర్ 7,840. వెనక యాక్సిల్ హద్దు 7,000. ట్రక్కు మొత్తం 9,820, హద్దు 11,000. నేను అంకెలు చదువుతుంటే నాన్న బయట నిలబడి ట్రక్కు వెనక చక్రం మీద ఎంత ఖాళీ ఉందో బెత్తెలతో కొలిచాడు. టికెట్ తీసుకుని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు, ఊళ్ళో చూపిస్తాడట. శనివారం తెల్లారగట్ల ఇంక్స్ లేక్ స్టేట్ పార్క్‌కి బయల్దేరుతున్నాం.