అవ్వ చెంబు, ముఫులీరా రాగి

మాది చిత్తూరు పక్కన పల్లె, నేనుండేది జాంబియాలో ముఫులీరా, రాగి గనులుండే ఆ ఏరియాని కాపర్‌బెల్ట్ అంటారు, వాళ్ళ జెండాలో ఆరెంజ్ గీత కూడా రాగిలాంటి ఖనిజాల గుర్తే. మొన్న లీవుకొస్తే అవ్వ రాగి చెంబు చింతపండుతో తోముతా అడిగింది, "నాయనా, నువ్వు తీసే రాగి ఇదేనా?" అని. ఇదే అవ్వా, కానీ ఇంత తేలిగ్గా రాదు అని పక్కన కూర్చోని చెప్పినా.

100 కేజీల రాయిలో 2 కేజీల రాగి ఉంటే మంచి రాయి కింద లెక్క. దాన్ని మెత్తగా పిండి చేసి నీళ్ళల్లో కలిపి మందులేసి గాలి కొడితే నురుగొస్తది, రాగి ఉండే పొడి ఆ నురుగుకి అంటుకోని పైకి తేల్తది. అది ఆరబెట్టి, ఇసక వేసి 1200 డిగ్రీల కొలిమిలో కరిగిస్తే ఇనుము చిట్టెంగా తేలిపోతది, గంధకం పొగైతే ఆ పొగని పట్టి యాసిడ్ చేస్తారు. ఇంతా చేస్తే 99 శాతం. కరెంటు వైరుకి అది చాలదు, 99.99 కావాల, ఆ చివరి రవ్వంత కోసమే మా ట్యాంక్‌హౌస్, అంటే నేను పనిచేసే తొట్ల షెడ్డు.

తొట్లనిండా యాసిడ్ కలిపిన మైలుతుత్తం నీళ్ళు, మనం చెట్లకి కొట్టే మైలుతుత్తమే, 60 డిగ్రీల వేడి. కరెంటు పెడితే ఆ 99 శాతం రాగితో పోసిన మందం పలకలు కరిగి ఎదురుగా ఉండే పల్చటి రేకుల మీద రాగి పేరుకుంటది, బంగారం వెండి మాత్రం కరక్క బురదగా అడుక్కి దిగిపోతాయి. "బంగారమా!" అని అవ్వ తోమడం ఆపేసింది.

నా పని షార్టులు పట్టుకోడం. రాగి ఒక్కోచోట బుడిపెలుగా పెరిగి ఎదుటి పలకని తాకిందంటే కరెంటంతా అట్నించే పోయి వేస్ట్ అవుతది, అందుకే మీటరు పట్టుకోని తొట్ల మీద నడస్తా ఉండాల. మొదటి నెల్లో ఒక నైట్ షిఫ్టులో నేను ఒక వరస చూడలేదు, తెల్లారి రేకులు పైకి తీస్తే అమ్మవారు పోసినట్టు బుడిపెలు, అన్నీ మళ్ళీ కరిగించాల్సొచ్చింది, ఆ రోజు అన్నం దిగలేదు నాకు. ఇప్పటికీ ఆ తొట్టి దగ్గర రెండుసార్లు చూస్తా. యాసిడ్ తుంపర్లకి కాటన్ చొక్కాలు చిల్లులు పడిపోతాయి, అది వేరే.

తిండి బాధ లేదులే అన్నా, వాళ్ళది ఎన్షిమా, మొక్కజొన్న పిండితో తెల్ల సంగటి, చేత్తో ముద్ద చేసి కూరలో అద్దుకోని తినడమే. అవ్వకి నమ్మకం కుదర్లా, పొయ్యేటప్పుడు బ్యాగులో 2 కేజీల రాగిపిండి పెట్టింది. పోయినాక మొదటి ఆదివారమే కెలికి, నాతో షిఫ్టు చేసే బెంబా (అక్కడోళ్ళ తెగ) ఆయనకి చెనిక్కాయల చెట్నీతో పెట్టినా, ఇంత నల్లగా ఉందేందని అడిగినాడు గానీ రెండో ముద్ద ఆయనే తీసుకున్నాడు.